పట్టాల కావలివాడు: విలియం రాబిన్సన్

తెనాలి కూడలి నుంచి నాలుగు వైపులకు రైలుదారులు చీలిపోతాయి. ఒకటి కృష్ణానదిని దాటి విజయవాడ చేరుతుంది. ఒకటి గుంటూరుకు పోతుంది. మూడవది నిడుబ్రోలు, అప్పికట్ల, బాపట్ల మీదుగా దక్షిణంగా సాగి చెన్నపట్టణానికి చేరుతుంది. నాలుగవది వేమూరు, భట్టిప్రోలు దాటి రేపల్లెలో ఆగిపోతుంది. విజయవాడను చెన్నపట్టణంతో కలిపిన పెద్ద మార్గం 1899లో పూర్తయింది. రేపల్లె దారిని 1916లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే నిర్మించింది. ఈ దారులమీద నిత్యం ప్రయాణించే విద్యార్థులకు రైలు కొత్త కాదు. సిగ్నలు దీపమూ కొత్త కాదు. అయితే ఎరుపు ఎప్పుడు వెలగాలో, ఆకుపచ్చ ఎప్పుడు వెలగాలో ఆ దీపానికి ఎవరు చెబుతున్నారన్న ప్రశ్న మాత్రం చాలామందికి తోచదు.

దానికి సమాధానం పట్టాలలోనే ఉన్నది. అనేక స్టేషన్లలో ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసినా, అక్కడక్కడ రెండు పట్టాలు కలిసేచోట ఇనుము ఇనుమును తాకకుండా మధ్య ఒక సన్నని పలక అమర్చి ఉండటం కనిపిస్తుంది. అది విద్యుత్తును పారనీయని పదార్థంతో చేసిన పలక. దానికి దగ్గరలో పట్టా నుంచి ఒక తీగ బయలుదేరి కంకరలోకి దిగి, ఎక్కడో ఉన్న పెట్టెలోకి పోతుంది. అంటే బండిని మోసే పట్టాలే విద్యుత్తును కూడా మోస్తున్నాయన్నమాట. రైలు ఎక్కడున్నదో పట్టాల చేతనే చెప్పించవచ్చునని తలచి, ఆ తలపును సురక్షితమైన రూపంలో ఆచరణలోకి తెచ్చినవాడు విలియం రాబిన్సన్. ఎడిసన్ పేరువలె ఆయన పేరు ప్రతి ఇంటా వినిపించదు. కాని రైల్వే సిగ్నళ్ల శాస్త్రాన్ని చదివినవారిలో ఆయనను ఎరుగనివారు అరుదు.

రాబిన్సన్ 1840 నవంబరు 22న ఐర్లండులో జన్మించాడు. అమెరికా చేరి, కనెక్టికట్ రాష్ట్రంలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో చదివి 1865లో పట్టభద్రుడయ్యాడు. అది అమెరికా అంతర్యుద్ధం ముగిసిన సంవత్సరం. యుద్ధం ముగియగానే ఆ దేశంలో రైలుమార్గాల నిర్మాణం ఉధృతమైంది. మార్గాలు పెరిగినకొద్దీ రైళ్లు పెరిగాయి. రైళ్లు పెరిగినకొద్దీ ప్రమాదాలు పెరిగాయి.

నాటి పద్ధతిని గుర్తు తెచ్చుకుంటే ప్రమాదాలు జరిగినందుకు కాదు, మరిన్ని జరగనందుకు ఆశ్చర్యపోవలసి వస్తుంది. ముందు రైలు వెళ్లిన ఇన్ని నిమిషాల తర్వాత వెనుక రైలును పంపవచ్చునన్నది చాలాచోట్ల అమలులో ఉన్న నియమం. ముందు రైలు దారిలో ఎక్కడైనా ఆగిపోతే ఆ సంగతి గడియారానికి తెలియదు. టెలిగ్రాఫు ఉన్నచోట్ల ఒక స్టేషను నుంచి మరొక స్టేషనుకు వార్త పంపేవారు. కాని ఆ వార్తకు ఆధారం ఒక మనిషి కన్ను, ఒక మనిషి జ్ఞాపకం. 1871 ఆగస్టు 26 రాత్రి మసాచుసెట్స్ రాష్ట్రంలోని రెవియర్ స్టేషనులో ఆగి ఉన్న ప్యాసింజరు రైలును వెనుక నుంచి ఎక్స్‌ప్రెస్ ఢీకొన్నది. 29 మంది మరణించారు. ముందు రైలు ఇంకా అక్కడే ఉన్నదని వెనుక బండి డ్రైవరుకు సకాలంలో చెప్పగలిగిన సాధనం ఏదీ లేకపోయింది.

అప్పటికి నాలుగేళ్ల ముందే, అంటే 1867లో, రాబిన్సన్ ఈ సమస్యను చేపట్టాడు. మనిషి ప్రమేయం లేకుండా రైలే తన సిగ్నలును తాను మార్చుకోవాలన్నది ఆయన సంకల్పం. తొలి ఆలోచన సులభమైనదే. దారిని కొన్ని భాగాలుగా విభజించాలి. రైలు ఒక భాగంలో ప్రవేశించగానే పట్టా పక్కన అమర్చిన మీట చక్రం తాకిడికి కదులుతుంది. విద్యుత్ వలయం పూర్తవుతుంది. విద్యుదయస్కాంతం పనిచేసి వెనుక నున్న సిగ్నలును ప్రమాద సూచనకు తిప్పుతుంది. రైలు ఆ భాగాన్ని దాటి వెళ్లేచోట మరొక మీట ఉంటుంది. అది కదిలినప్పుడు సిగ్నలు మళ్లీ భద్రత సూచనకు వస్తుంది. మామూలు సమయంలో తీగలో విద్యుత్తు పారదు, అవసరమైనప్పుడే పారుతుంది. అందుచేత దీనిని తెరచిన వలయ పద్ధతి అన్నారు.

1869లో ఆయన ఈ పద్ధతికి ఒక నమూనా రైలుమార్గాన్ని తయారుచేశాడు. చిన్న పట్టాలు, చిన్న సిగ్నళ్లు, వాటికి తీగలు, బ్యాటరీలు అన్నీ అమర్చాడు. 1870లో న్యూయార్కు నగరంలో జరిగిన అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ప్రదర్శనలో దానిని ఉంచాడు. బొమ్మవంటి ఆ మార్గం ఫిలడెల్ఫియా అండ్ ఈరీ రైల్‌రోడ్ అధికారి విలియం బాల్డ్విన్ దృష్టిని ఆకర్షించింది. నిజమైన దారిమీద దానిని అమర్చి చూపే అవకాశం రాబిన్సన్‌కు లభించింది. అదే సంవత్సరం పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కింజువా అనే చిన్న ఊరిలో పని మొదలైంది. ఆ ఊరు ఈనాడు లేదు. అలిఘెనీ నదిమీద 1965లో పూర్తయిన ఆనకట్ట జలాశయంలో అది మునిగిపోయింది.

కింజువాలో సిగ్నలు అనుకున్నట్లే పనిచేసింది. రైలు వచ్చినప్పుడు తిరిగింది, వెళ్లినప్పుడు మళ్లింది. చూసినవారు మెచ్చుకున్నారు. మరొకరైతే అంతటితో తృప్తిచెంది, ఆ మెప్పును సొమ్ముచేసుకునే ప్రయత్నంలో పడేవారు. రాబిన్సన్ మాత్రం తన యంత్రం సరిగా పనిచేస్తున్నప్పుడు దానిని గురించి ఆలోచించలేదు. ఎప్పుడు సరిగా పనిచేయదో ఆలోచించాడు. ఆయన జీవితంలో అన్నిటికంటె విలువైన భాగం ఇదేనని చెప్పవలసి ఉంటుంది.

ఆయనకు మూడు లోపాలు కనిపించాయి. మొదటిది, నడుస్తున్న రైలు మధ్యలో తెగిపోవటం. ఆ రోజుల్లో పెట్టెలను కలిపే కొక్కెములు బలహీనమైనవి. బండి రెండుగా విడిపోవటం అరుదైన సంఘటన కాదు. ముందు సగం ఆ భాగాన్ని దాటి వెళ్లి రెండవ మీటను తాకుతుంది. సిగ్నలు భద్రత చూపుతుంది. వెనుక సగం మాత్రం దారిమీదనే నిలిచి ఉంటుంది. రెండవది, పక్కదారి నుంచి ఒక పెట్టె దొర్లి ప్రధాన మార్గంమీదికి రావటం. అది మొదటి మీటను తాకలేదు కనుక సిగ్నలుకు దాని సంగతి తెలియదు. మూడవది తీగ తెగటం. గాలివానకు చెట్టు కూలి తీగ తెగిపోయినా, బ్యాటరీ నీరసించినా రైలు లోపలికి వచ్చినప్పుడు విద్యుత్తు పారదు. సిగ్నలు కదలదు. లోపల రైలు ఉండగానే వెనుక వచ్చేవాడికి రమ్మని చెబుతుంది.

ఈ మూడింటిలో మూడవది మరీ భయంకరమైనది. ఎందుకనగా సిగ్నలు చెడిపోయిందని తెలిపే చిహ్నం ఏదీ ఉండదు. చెడిన సిగ్నలూ, మంచి సిగ్నలూ ఒకే ముఖంతో నిలబడి ఉంటాయి. సిగ్నలే లేనిచోట డ్రైవరు భయపడుతూ, చూసుకుంటూ నడుపుతాడు. అబద్ధం చెప్పే సిగ్నలున్నచోట నమ్మి వేగంగా వస్తాడు. ప్రదర్శనలోని నమూనా ఈ లోపాలను బయటపెట్టలేకపోవటంలో వింతలేదు. బల్లమీది రైలు రెండుగా తెగదు. బల్లమీది తీగపై చెట్టు కూలదు. అన్నీ సక్రమంగా ఉన్నప్పుడు నమూనా పనిచేసిందంటే, అన్నీ సక్రమంగా ఉన్నప్పుడు అది పనిచేస్తుందని మాత్రమే ఋజువవుతుంది.

లోపం తెలిసిన తరువాత రాబిన్సన్ మీటలను మెరుగుపరచటానికి పూనుకోలేదు. మూలంలోనే మార్పు కావాలని గ్రహించాడు. రైలులోని మొదటి చక్రమే కాదు, ప్రతి ఇరుసూ సిగ్నలును శాసించగలగాలి. ప్రవేశించేటప్పుడే కాదు, ఆ భాగంలో ఉన్నంతసేపూ, ప్రతి అడుగులోనూ శాసించగలగాలి. దారి పొడవునా ప్రతి ఇరుసునూ తాకుతూ ఉండేవి పట్టాలు తప్ప మరేవీ లేవు. కాబట్టి పట్టాలే విద్యుత్ వలయంలో భాగం కావాలి. పట్టాలను సిగ్నళ్లకోసం వాడవచ్చునన్న ఊహ అంతకుముందు మరికొందరికి కలగకపోలేదు. 1864లోనే ఇంగ్లండులో విలియం సైక్స్ లండను సమీపాన బ్రిక్స్‌టన్‌లో కొద్దిపాటి దూరం అటువంటి ప్రయోగం చేశాడు. అయితే రాబిన్సన్ వేసిన రెండవ అడుగే ఆయనను ప్రత్యేకంగా నిలబెట్టింది. ఆయన వలయాన్ని తలక్రిందులు చేశాడు.

ఆ అమరికను ఇట్లా ఊహించుకోవచ్చు. దారిలో ఒక భాగాన్ని తీసుకొని, దాని రెండు చివరలా విద్యుత్తు పారని కీళ్లతో మిగతా పట్టాల నుంచి వేరుచేయాలి. ఒక చివర రెండు పట్టాలకూ మధ్య బ్యాటరీని కలపాలి. రెండవ చివర రెండు పట్టాలకూ మధ్య రిలే అనే చిన్న విద్యుదయస్కాంతాన్ని కలపాలి. దారి ఖాళీగా ఉన్నంతసేపు విద్యుత్తు బ్యాటరీ నుంచి బయలుదేరి, ఒక పట్టావెంట పోయి, రిలేలో ప్రవహించి, రెండవ పట్టావెంట తిరిగివస్తుంది. రిలే తన ఆర్మేచరును, అనగా ఇనుప నాలుకను, పైకి లాగి పట్టుకుంటుంది. ఆ నాలుక పైన ఉన్నంతవరకే సిగ్నలు భద్రత చూపుతుంది. రైలు లోపలికి రాగానే దాని చక్రాలూ ఇరుసులూ రెండు పట్టాలనూ కలిపివేస్తాయి. విద్యుత్తుకు దగ్గర దారి దొరికింది. అది ఇరుసులగుండా మళ్లిపోతుంది. రిలేకు బలం చాలదు. ఇనుప నాలుక తన బరువుతో తానే క్రిందికి జారుతుంది. సిగ్నలు ప్రమాదం చూపుతుంది.

ఇప్పుడు పాత మూడు లోపాలనూ దీనిమీద ప్రయోగించి చూద్దాం. రైలు రెండుగా తెగితే వెనుక సగపు ఇరుసులు పట్టాలను కలిపే ఉంచుతాయి, ఎరుపు మారదు. పక్కదారి నుంచి ఒక్క పెట్టె దొర్లివచ్చినా దాని ఇరుసు చాలు. తీగ తెగినా, బ్యాటరీ చచ్చినా, అనేక సందర్భాల్లో పట్టాయే విరిగినా, విద్యుత్తు రిలేను చేరదు; నాలుక జారుతుంది; ఎరుపు వెలుగుతుంది. తొలి పద్ధతిలో ఏ లోపమైతే ప్రాణాంతకమో, ఈ పద్ధతిలో అదే లోపం రైలును ఆపుతుంది. ప్రయాణికులకు ఆలస్యమవుతుంది, వారు విసుక్కుంటారు, కాని బ్రతికి ఉండి విసుక్కుంటారు.

ఈ మూసిన వలయ పద్ధతిని రాబిన్సన్ 1872లో కింజువాలో అమర్చి చూపాడు. ఆ సంవత్సరం ఆగస్టు 20న ఆయనకు 1,30,661 సంఖ్యగల అమెరికా పేటెంటు లభించింది. ఈనాడు ప్రపంచమంతటా ట్రాక్ సర్క్యూట్ అని పిలిచేది దీనినే.

ఇక్కడ మరొకరిని తలచుకోవటం ఉచితం. జార్జి వెస్టింగ్‌హౌస్ 1869లో గాలి ఒత్తిడితో పనిచేసే రైలు బ్రేకును తయారుచేశాడు. ఇంజను నుంచి గాలిని పంపితే పెట్టెల బ్రేకులు పడేవి. గొట్టం చిరిగినా, బండి రెండుగా తెగినా వెనుక పెట్టెలకు బ్రేకు ఉండేది కాదు. 1872లో ఆయన కూడా పద్ధతిని తిరగవేశాడు. గొట్టంలో గాలి నిండుగా ఉన్నంతసేపు బ్రేకులు వదలి ఉంటాయి. గాలి పోగానే పడతాయి. బండి తెగితే రెండు భాగాలూ వాటంతటవే ఆగిపోతాయి. ఒకే సంవత్సరంలో ఇద్దరు మనుషులు, ఒకరు గాలితోను, మరొకరు విద్యుత్తుతోను, ఒకే మార్గాన్ని తొక్కారు. లోపం కలిగినప్పుడు యంత్రం భద్రతవైపే ఒరగాలన్న సూత్రం నాటినుంచి రైల్వే ఇంజనీరింగుకు పునాదిరాయి అయినది.

సూత్రం గొప్పదే కాని దారి నేలమీద ఉన్నది. నేల తడుస్తుంది. పట్టాలు చెక్క స్లీపర్లమీద, కంకరమీద ఉంటాయి కనుక వాన కురిస్తే విద్యుత్తు ఒక పట్టా నుంచి మరొక పట్టాకు తడిగుండా కారిపోతుందన్న శంక సహజమైనది. దీనికి విరుగుడు వోల్టేజిని పెంచటం కాదు, తగ్గించటం. ఒకటి రెండు వోల్టుల స్వల్ప బలంతో, తక్కువ నిరోధం కలిగిన రిలేతో వలయాన్ని నడిపితే కారుడు భరించదగినంతగా ఉంటుంది. అయినా కారుడు అనేది పూర్తిగా పోదు. సూర్యలంక తీరానికి దగ్గరగా ఉన్న బాపట్ల వంటి ప్రాంతాలలో గాలిలోనే ఉప్పు ఉంటుంది. ఉప్పు కలిసిన తడి విద్యుత్తుకు మంచి దారి. తుఫాను రోజుల్లో రైలు లేకున్నా ఎరుపు వెలిగితే సిగ్నలు సిబ్బంది అనుమానించవలసిన వాటిలో తడిసిన కంకర ఒకటి. పట్టాలను కలిపే ఇనుప పలకలు తుప్పు పట్టి విద్యుత్తును అడ్డుకోవటం మరొక చిక్కు. అందుకోసం అతుకు దగ్గర ఒక పట్టా నుంచి ఇంకొక పట్టాకు ప్రత్యేకంగా బాండు తీగను బిగిస్తారు.

దోషం వచ్చినప్పుడు దానిని వెదకే పద్ధతిలో కూడా ఒక అందం ఉన్నది. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో వోల్టుమీటరు పట్టుకున్న ప్రతి విద్యార్థికీ అది అర్థమవుతుంది. ముందుగా బ్యాటరీ చివర పట్టాల మధ్య వోల్టేజి చూస్తారు. అక్కడ నిండుగా ఉండి, రిలే చివర ఏమీ లేకపోతే వలయం మధ్యలో ఎక్కడో తెగిందని అర్థం. అప్పుడు దారిని సగానికి విభజించి మధ్యలో కొలుస్తారు. అక్కడ వోల్టేజి ఉంటే తెగిన చోటు రిలే వైపున్నది. లేకుంటే బ్యాటరీ వైపున్నది. ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తారు. ఇట్లా నాలుగైదు కొలతలలో ఊడిన బాండు తీగ దగ్గరకు చేరవచ్చు. అట్లా కాక బ్యాటరీ చివరనే పట్టాల మధ్య వోల్టేజి పడిపోయి, ప్రవాహం హెచ్చుగా ఉంటే వలయం తెగలేదు, ఎక్కడో పట్టాలు రెండూ కలిసిపోయాయి. కీలులోని పలక అరిగిపోయి ఉండవచ్చు. ఇనుప ముక్క ఏదైనా అడ్డంగా పడి ఉండవచ్చు. నేల తడిసి ఉండవచ్చు. తెగటానికీ కలవటానికీ వైద్యాలు వేరు. మొదట రోగమేదో నిర్ణయించకుండా తీగలు పీకటం మొదలుపెట్టేవాడు కొత్త దోషాలను సృష్టిస్తాడు.

ఇంటిలో నమూనా రైళ్లతో ఆడుకునేవారికి కూడా ఈ అనుభవమే కలుగుతుంది. చిన్న సిగ్నలు వెలగదు, గేటు వాలదు, పాయింట్ల మోటారు కదలదు. బల్బు మాడిందని తొందరపడి మార్చేవారే ఎక్కువ. చాలాసార్లు కారణం వదులైన ఒక తీగ, సరిగా అతకని ఒక టంకం, పట్టామీద పేరుకున్న మురికి. రెండు అట్టలమీద అల్యూమినియం రేకులను పట్టాలుగా అతికించి, ఒక టార్చి సెల్లును, తగిన నిరోధాన్ని, చిన్న రిలేను కలిపితే రాబిన్సన్ వలయం బల్లమీదనే సిద్ధమవుతుంది. ఒక ఇనుప కడ్డీని రేకులకు అడ్డంగా ఉంచితే రిలే జారుతుంది. తీగను ఊడదీసినా జారుతుంది. ఆ రెండవది చేసి చూసినవారికి 1870కీ 1872కీ మధ్య జరిగినదేమిటో పుస్తకం అవసరం లేకుండానే బోధపడుతుంది. ఇంటి గోడలోని విద్యుత్తును మాత్రం ఇటువంటి ప్రయోగాలకు వాడరాదు.

ఈ పద్ధతికీ ఒక బలహీనత ఉన్నది. దానిని దాచటం న్యాయం కాదు. చక్రం పట్టాను నిజంగా తాకినప్పుడే వలయం మళ్లుతుంది. రైళ్లు అరుదుగా నడిచే పక్కదారులలో పట్టాలకు తుప్పు పొర పడుతుంది. ఆ పొర మందమైతే పైన బండి ఉన్నా విద్యుత్తు దానిగుండా పారకపోవచ్చు. అప్పుడు రిలే ఖాళీ అని భ్రమపడుతుంది. ఇటువంటి చోట్లకు వేరే ఏర్పాట్లు కావలసి వచ్చాయి. లోపలికి వెళ్లిన ఇరుసులనూ, బయటకు వచ్చిన ఇరుసులనూ లెక్కపెట్టి సరిచూసే యంత్రాలు తరువాతి కాలంలో వచ్చి, మన దేశంలో కూడా విస్తారంగా వాడుకలోకి వచ్చాయి.

పేటెంటు వచ్చినంత మాత్రాన రైల్వే కంపెనీలు పరుగెత్తుకొని రాలేదు. సిగ్నళ్లకు డబ్బు ఖర్చవుతుంది. జరగని ప్రమాదం లెక్కల పుస్తకంలో ఆదాయంగా కనిపించదు. రాబిన్సన్ కొన్నేళ్లపాటు పెన్సిల్వేనియాలోనూ, బోస్టను పరిసరాల మార్గాలలోనూ తన పద్ధతిని అమర్చి చూపవలసి వచ్చింది. 1878లో ఒక సిగ్నళ్ల కంపెనీని నెలకొల్పాడు. కొద్దికాలానికే అది బ్రేకుల వెస్టింగ్‌హౌస్ చేతికి వచ్చింది. 1881లో ఆయన దానిని మరొక సంస్థతో కలిపి యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్ కంపెనీని ఏర్పరచాడు. ఒకే సంవత్సరంలో ఒకే సూత్రాన్ని కనుగొన్న ఇద్దరి కృషి ఈ విధంగా ఒక్కచోట చేరింది. పెద్ద పెట్టుబడి అండతో ట్రాక్ సర్క్యూట్ అమెరికా అంతటా వ్యాపించింది.

ఇంగ్లండులో దాని విలువ తెలియటానికి మరికొంత కాలమూ, మరికొన్ని ప్రాణాలూ ఖర్చయ్యాయి. 1910 డిసెంబరు 24 తెల్లవారుజామున హాస్ జంక్షన్ అనేచోట సిగ్నలు కేబిన్‌లోని ఉద్యోగి తన సిగ్నలు దగ్గర రెండు ఇంజన్లు నిలబడి ఉన్న సంగతి మరచిపోయి, వెనుక వస్తున్న ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇచ్చాడు. 12 మంది మరణించారు. 1915 మే 22న స్కాట్లండులోని క్వింటిన్స్‌హిల్ వద్ద ఇంకా ఘోరం జరిగింది. కేబిన్ కిటికీ నుంచి కనిపించే దూరంలో ఒక ప్యాసింజరు రైలు ఆగి ఉన్నది. సిబ్బంది దానిని మరచి, సైనికుల రైలుకు దారి వదిలారు. 200 మందికి పైగా మరణించారు. ఆ రెండుచోట్లా పట్టాలలో రాబిన్సన్ వలయం లేదు. ఉండి, సిగ్నలు మీటలకు అనుసంధానమై ఉంటే, మనిషి మరచినా మీట కదిలేది కాదు.

మన దేశంలో 1928లో బొంబాయి విక్టోరియా టెర్మినస్, బైకుల్లాల మధ్య రంగుదీపాల ఆటోమేటిక్ సిగ్నళ్లు వచ్చాయి. అటువంటి సిగ్నళ్లకు ప్రాణం ట్రాక్ సర్క్యూటే. మన తెనాలి, బాపట్ల మార్గంలో విద్యుత్ ఇంజన్లు వచ్చిన తరువాత మరొక సమస్య కలిసింది. పైతీగలోని 25,000 వోల్టుల విద్యుత్తు ఇంజనును నడిపి, తిరుగుప్రయాణంలో పట్టాలవెంటనే పోవాలి. ఒకే పట్టామీద బండిని లాగే మహాప్రవాహమూ, సిగ్నలుకు చెందిన చిన్న ప్రవాహమూ రెండూ కలిసి నడవాలి. ఇటువంటి మార్గాలలో సామాన్యంగా ఒక పట్టాను పెద్ద ప్రవాహానికి వదలి, రెండవ పట్టాను మాత్రమే కీళ్లతో వేరుచేసి ట్రాక్ సర్క్యూట్‌కు వాడుకుంటారు. రాబిన్సన్ కాలంలో లేని చిక్కుకు ఆయన వలయంలోనే పరిష్కారం దొరకటం విశేషం.

అయితే ఏ వలయమైనా తనను బిగించిన చేతులను మించి నమ్మదగినది కాజాలదు. 2023 జూన్ 2 సాయంత్రం ఒడిశా రాష్ట్రంలోని బాలేశ్వర్ జిల్లా బహనాగా బజార్ వద్ద కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదానికి గురైంది. అది విజయవాడ, తెనాలి, బాపట్లల మీదుగా చెన్నైకి పోయే రైలు. తెలుగువారికి ఎంతో పరిచయమున్న బండి. ప్రధాన మార్గంలో సాగిపొమ్మని సిగ్నలు ఆకుపచ్చ చూపింది. పాయింట్లు మాత్రం లూపు లైనువైపు ఉన్నాయి. అక్కడ ఇనుప ఖనిజంతో నిండిన గూడ్సు నిలబడి ఉన్నది. 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. రైలు గేటు అడ్డుకమ్మీకి సంబంధించిన యంత్రాన్ని మార్చే సందర్భంలోనూ, అంతకుముందు జరిగిన మరమ్మతులలోనూ సిగ్నలు తీగల అనుసంధానంలో దోషాలు జరిగాయని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. తెగిన తీగను రాబిన్సన్ సూత్రం ఎరుపుగా మార్చగలదు. తెగకుండా, తప్పుచోట బిగిసిన తీగ సంగతి వేరు. దానికి విద్యుత్తు నిండుగా అందుతుంది. రిలే నమ్మకంగా పైకి లేస్తుంది. అందుకే మరమ్మతు ముగిసిన తరువాత ప్రతి తీగనూ పటంతో సరిచూసి, ప్రతి సిగ్నలునూ దాని పాయింట్లతో కలిపి పరీక్షించనిదే రైలును వదలరాదని నిబంధనలు శాసిస్తాయి. మరమ్మతులో కష్టమైన భాగం తీగను కలపటం కాదు, ఈ పరీక్షే.

తిరిగి రాబిన్సన్ దగ్గరకు వద్దాం. కంపెనీ చేతులు మారిన తరువాత ఆయన మరికొన్ని యంత్రాలవైపు మనసు మళ్లించాడు. వీథులలో నడిచే విద్యుత్ ట్రాములు మలుపులలో సులభంగా తిరగటానికి మూడు ఇరుసులతో కూడిన చక్రాల చట్రాన్ని రూపొందించాడు. కొంతకాలం అది వాడుకలో కూడా ఉన్నది. కాని ఆయన మనసునుంచి సిగ్నళ్లు తొలగిపోలేదు. 1906లో స్వయంచాలక సిగ్నళ్ల చరిత్రను ఒక చిన్న పుస్తకంగా వ్రాసి ప్రచురించాడు. కింజువాలో తన తొలి పద్ధతి ఎక్కడెక్కడ మోసం చేయగలదో ఆ చరిత్రలో దాపరికం లేకుండా వివరించాడు. తాను కనిపెట్టినదానిలోని లోపాన్ని ముందుగా తానే లోకానికి చెప్పిన ఆవిష్కర్తలు ఎక్కువమంది ఉండరు.

1921 జనవరి 2న న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఆయన కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 80 సంవత్సరాలు. మరుసటి సంవత్సరం అమెరికన్ రైల్వే అసోసియేషన్‌లోని సిగ్నళ్ల విభాగం, ట్రాక్ సర్క్యూట్ పుట్టిన కథను సేకరించి ఒక గ్రంథంగా వెలువరించింది. నాటికి రేపల్లెకు రైలుదారి వేసి ఆరేళ్లయింది. ఆ కాలంలో మన దేశపు ఒంటిదారి మార్గాలలో డ్రైవరు చేతికి ఒక టోకెను ఇచ్చి, అది చేతిలో ఉంటేనే రైలును కదపనిచ్చేవారు. చాలాచోట్ల ఆ టోకెను ఒక ఇనుప బంతి. దారి ఒకటే, బంతి ఒకటే. కనుక రైలూ ఒకటే. పట్టాలలో విద్యుత్తు పారించి ఆ బంతి చేసే పనిని చేయించటం ఈ ప్రాంతానికి ఇంకా ఎంతో దూరంలో ఉన్నది.